వట్టివేరు సాగు: నాటే ముందే తవ్వకం లెక్క చూసుకోవాలి

వేటపాలెం దగ్గర మీకున్న 2 ఎకరాల ఇసుక నేలలో వేరుశనగ మానేసి వట్టివేరు వేయాలనుకుంటున్నారని, ఒక మధ్యవర్తి పిలకలు తానే ఇచ్చి వేళ్లు కూడా తానే కొంటానని, ఎకరానికి 40 కిలోల నూనె వస్తుందని చెబుతున్నాడని రాశారు. పొలం పక్కనున్న మురుగు కాలువ గట్టు 60 మీటర్ల మేర ప్రతి వానాకాలం కోసుకుపోతోందని, దానికి కూడా ఇదే గడ్డి పనికొస్తుందా అని అడిగారు. బోరు నీరు వేసవిలో ఉప్పదేలుతుందని, దుబ్బుల్లో పాములు చేరతాయని ఇంట్లో వాళ్లు భయపడుతున్నారని కూడా అన్నారు. నేను 14 ఏళ్లుగా సముద్రానికి దగ్గరలో, మీలాంటి నేలలోనే ఈ పంట వేస్తున్నాను. అన్నిటికీ జవాబు చెబుతాను, కాకపోతే మీరు అడిగిన వరసలో కాకుండా, ఒక రైతు నిర్ణయం తీసుకోవలసిన వరసలో చెబుతాను.

వట్టివేరును పెంచడం కష్టమైన పని కాదు. నాటిన మొదటి నెలన్నర తడి అందిందంటే, ఆ తరువాత అది ఎండకు వాడి మళ్లీ చిగురిస్తుంది, వారం పది రోజులు నీళ్లలో మునిగినా కుళ్లదు, పశువులు మేసినా మొదలు నుంచి లేస్తుంది. ఈ పంటలో శ్రమ, ఖర్చు, నష్టపోయే ప్రమాదం అన్నీ చివర్లో, అంటే వేళ్లు తవ్వేటప్పుడూ అమ్మేటప్పుడూ ఎదురవుతాయి. అందుకే ఏ రకం నాటాలి, ఎంత దూరంలో నాటాలి అన్న ప్రశ్నల కంటే ముందు, ఎప్పుడు తవ్వుతాను, దేనితో తవ్వుతాను, తవ్విన వేళ్లు నూనె తీసే ఎవరి బట్టీకి వెళతాయి అన్న మూడు ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు లేకుండా నాటినవాళ్లే మా చుట్టుపక్కల ఎక్కువగా దెబ్బతిన్నారు.

నేల విషయంలో మీరు అదృష్టవంతులు. ఈ గడ్డి వేళ్లు పక్కలకు పాకకుండా నిట్టనిలువుగా కిందికి దిగుతాయి, అనుకూలమైన నేలలో 3 మీటర్లు దాటి కూడా వెళతాయి. నల్లరేగడిలో సైతం గడ్డి ఏపుగానే పెరుగుతుంది గానీ, తవ్వే రోజున గడ్డపార దిగదు, యంత్రంతో లేపితే వేళ్లు తెగి సగం భూమిలోనే ఉండిపోతాయి, వచ్చిన సగం కూడా మట్టి పెళ్లలతో వస్తుంది, వాటిని కడగడానికి అయ్యే కూలి రాబడిని మింగేస్తుంది. ఇసుకలో దుబ్బును లేపి రెండు దులుపులు దులిపితే వేళ్లు విడివిడిగా, శుభ్రంగా వస్తాయి. తమిళనాడులో కడలూరు తీరంలోనైనా, మన బాపట్ల తీరంలోనైనా ఈ పంట ఇసుక నేలల్లో నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఇదే.

ఇక రకం సంగతి. మన దేశంలో ఈ గడ్డి రెండు తీరులుగా కనిపిస్తుంది. ఉత్తరాదిన నదుల ఒడ్డున, చిత్తడి నేలల్లో అడవిగా పెరిగేది ఒకటి. దానికి గింజ పడుతుంది, గింజతో వ్యాపిస్తుంది కూడా. దక్షిణాదిలో తరాలుగా సాగులో ఉన్నది రెండవది. అది వంగపండు రంగు కంకి వేసినా మొలకెత్తే గింజ ఇవ్వదు, పిలకలతోనే పెంచాలి. మీరు నాటవలసింది ఈ రెండవదే, ఎందుకంటే అది పక్క పొలాలకు పాకి కలుపు మొక్కగా మారదు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ, అంటే సీమ్యాప్, ధారిణి, గులాబీ, కేసరి, సిమ్-వృద్ధి, సిమ్-సమృద్ధి వంటి రకాలను విడుదల చేసింది. ఆ సంస్థకు హైదరాబాదులోని బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది, రకం ఎంచుకునే ముందు అక్కడికి ఒకసారి వెళ్లి రావడం మంచిది. పిలకలు ఎవరి దగ్గర కొన్నా ఒక పరీక్ష చేయండి. ఆకు నలిపితే ఏ వాసనా రాకూడదు. నిమ్మవాసన వస్తే అది నిమ్మగడ్డి. ముదురు వేరు ఒకటి తుంచి నలిపితే తడి మట్టి పరిమళం రావాలి. ఈ చిన్న పరీక్ష చేయని కారణంగా ఒక ఎకరమంతా వేరే గడ్డి నాటుకున్న రైతును నేను చూశాను.

మధ్యవర్తి 2 ఎకరాలకూ సరిపడా పిలకలు ఇస్తానంటున్నాడు కదా, దయచేసి అంత కొనకండి. 60 సెంటీమీటర్ల సాళ్లలో 45 సెంటీమీటర్లకు ఒక దుబ్బు చొప్పున నాటితే ఎకరానికి సుమారు 15,000 దుబ్బులు, జంట పిలకలైతే 30,000 పిలకలు కావాలి. మీ పొలానికి 60,000 పిలకల డబ్బు ముందే చెల్లించినట్లవుతుంది. దానికి బదులు 2,000 పిలకలు కొనండి. అందులో 1,000 పిలకలను 5 సెంట్లలో, అన్ని వైపులా 45 సెంటీమీటర్ల ఎడంతో నారుమడిగా నాటండి. జూన్ చివర నాటి, పేడ ఎరువు వేసి, తడి తప్పకుండా చూస్తే ఫిబ్రవరి నాటికి ఒక్కొక్క దుబ్బులో 20 నుంచి 30 పిలకలు లేస్తాయి. తక్కువలో తక్కువ 20 అనుకున్నా మీ చేతికి 20,000 పిలకలు వస్తాయి, జంటగా నాటితే అవి సుమారు 65 సెంట్లకు సరిపోతాయి. మొదటి ఏడాది అంతకు మించి వేయవద్దనే నా సలహా. మిగిలిన పొలంలో వేరుశనగ మానవద్దు. కొన్న 2,000లో మిగిలిన 1,000 పిలకలు దేనికో గట్టు గురించి రాసేటప్పుడు చెబుతాను.

నాటే నెలను తవ్వే నెల నుంచి వెనక్కి లెక్కించి నిర్ణయించుకోవాలి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితో పాటు తుపానులు వస్తాయి. జూలై, ఆగస్టుల్లో నాటి ఏడాది గడిచాక తవ్వాలనుకుంటే తవ్వకం సరిగ్గా ఆ వానల్లో పడుతుంది. బురదలో తవ్వి, ఎండబెట్టే చోటు లేక, వేళ్లు బూజు పట్టి పోతాయి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే, ఆ పంట వేళ్లలో మూడో వంతు పారబోశాను. అందువల్ల బోరు ఉన్నవారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాటి మళ్లీ ఏడాది ఫిబ్రవరి, మార్చిలో తవ్వాలి. వాన మీద ఆధారపడేవారు జూలైలో నాటి 18 నెలలకు, జనవరి, ఫిబ్రవరిలో తవ్వాలి. త్వరగా పక్వానికి వచ్చే రకాలు మొదటి పద్ధతికి, పాత రకాలు రెండవ పద్ధతికి సరిపోతాయి. మరీ లేత వేళ్లలో నూనె తక్కువగానూ, పల్చగానూ ఉంటుంది కనుక డబ్బు అవసరమని 8, 9 నెలలకే తవ్వడం నష్టం.

ఉప్పు నీటి గురించి మీరు అడిగినది ఇక్కడే తేలుతుంది. ఎదిగిన వట్టివేరు ఒక మోస్తరు ఉప్పును చాలా పంటల కంటే బాగా ఓర్చుకుంటుంది, కానీ కొత్తగా నాటిన పిలకకు ఆ ఓర్పు ఉండదు. మీ బోరు నీరు ఏప్రిల్, మే నెలల్లో ఉప్పదేలుతుంది కాబట్టి ఫిబ్రవరి మొదటి వారంలోనే నాటి, నీరు మంచిగా ఉన్న రోజుల్లో వేరు నిలదొక్కుకునేటట్లు చూడండి. అప్పటికి కూడా నీరు ఉప్పగా ఉంటే జూలై నాటే పద్ధతికి మారండి. నీటిని ఒకసారి పరీక్ష చేయించి నాటడం అన్నిటి కంటే క్షేమం, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

పిలకలు తయారు చేసే పని ఓపికగా చేయాలి. దుబ్బును గడ్డపారతో లేపి, మొదళ్లు చితక్కుండా చేత్తో విడదీసి, పై ఆకును జానెడుకు కాస్త తక్కువగా, కింది వేరును రెండు మూడు అంగుళాలు ఉంచి కోయాలి. మొదలును చుట్టుకుని ఉండే ఎండు ఆకు తొడుగులను ఒలిచేయాలి, లేకపోతే ఇసుక నేలలో చెదలు ముందుగా వాటినే పట్టి తరువాత పచ్చి మొదలుకు ఎక్కుతాయి. సిద్ధం చేసిన పిలకలను తడి గోనె కప్పి నీడలో ఉంచి, రెండు మూడు రోజులు దాటకుండా నాటేయాలి. నేను నాటే ముందు వాటి మొదళ్లను పేడ నీళ్లలో ఒక పూట ఉంచుతాను, అలా ఉంచినవి త్వరగా పచ్చబడతాయని నా అనుభవం. మూడు అంగుళాల లోతున పెట్టి చుట్టూ ఇసుకను కాలితో గట్టిగా అదమాలి; ఇసుకలో గాలి సందు మిగిలితే పిలక ఎండుతుంది. నెలలోపు చనిపోయిన చోట్ల తిరిగి నాటాలి, ఆలస్యంగా నాటినవి పక్క దుబ్బుల నీడలో ఎదగవు.

నీడ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మీ పొలానికి తూర్పున సరుగుడు తోట ఉంటే ఆ వరసకు దగ్గరగా నాటవద్దు. వట్టివేరు ఓర్చుకోలేనివి రెండే, నీడ, బాల్యంలో కలుపు.

ఎరువు విషయానికి వస్తే ఎకరానికి 4 టన్నుల వరకు చివికిన పశువుల ఎరువు ఆఖరి దుక్కిలో వేసి, ఏడాదికి 24 కిలోల నత్రజని, 9 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ ఇస్తే సరిపోతుంది. ఇసుకలో నత్రజని నిలవదు కనుక దానిని మూడు నాలుగు దఫాలుగా విడగొట్టాలి. మొదటి మూడు నెలలూ రెండు సాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ ఒక వరస మినుము గానీ వేరుశనగ గానీ వేసుకుంటే కలుపు అణుగుతుంది, చేతి ఖర్చు వస్తుంది. నాలుగైదు నెలలకు గడ్డి నడుమెత్తు దాటినప్పుడు మోకాలి ఎత్తున కోసేస్తే పిలకలు చిక్కబడతాయి. కోసిన లేత ఆకు గేదెలు తింటాయి, ముదురు ఆకును సాళ్లలోనే పరిస్తే తడి ఆగుతుంది. వేరు పురుగు కనబడితే దుక్కిలో వేపపిండి వేయడం తప్ప ఈ పంటకు మందు కొట్టే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు మధ్యవర్తి చెప్పిన 40 కిలోల లెక్క చూద్దాం. మంచి ఇసుక నేలలో, చక్కగా పెంచిన ఎకరం నుంచి ఒకటిన్నర టన్ను, బాగా వస్తే 2 టన్నుల ఎండు వేళ్లు వస్తాయి. వాటిలో నూనె సాధారణంగా నూటికి ఒక వంతు లోపే ఉంటుంది. 0.6 శాతం లెక్కన ఒకటిన్నర టన్నుకు 9 కిలోల నూనె అవుతుంది. ఎకరానికి 8 నుంచి 10 కిలోలు చేతికందితే మంచి పంట కిందే లెక్క. 40 కిలోలు రావాలంటే అదే శాతంతో ఆరున్నర టన్నులకు పైగా ఎండు వేళ్లు ఒక ఎకరం నుంచి తీయాలి, అది జరిగే పని కాదు. ఈ లెక్క ఆయన ముందు వేసి చూపించి, ఆయన ఏమంటారో వినండి. జవాబులో తడబాటు కనిపిస్తే ఆయన అమ్మదలచుకున్నది పిలకలేనని మీకే అర్థమవుతుంది.

తవ్వకానికి వారం ముందు గడ్డిని అడుగు ఎత్తున కోసేయాలి. నేల పూర్తిగా ఎండిపోయినా, చిత్తడిగా ఉన్నా మంచిది కాదు. ఇసుక పిడికిట్లో పట్టుకుంటే ముద్దగా నిలిచేంత పదును ఉండాలి. మనుషులతో తవ్విస్తే వేళ్లు దాదాపు పూర్తిగా వస్తాయి గానీ కూలి భరించడం కష్టం. ఎకరం మించిన పంటకు జేసీబీ తప్పదు. దాని తొట్టెను దుబ్బు పక్క నుంచి దించి, రెండడుగుల లోతు నుంచి దుబ్బును ఎత్తిపట్టమని, చీల్చవద్దని నడిపే అతనికి ముందే చెప్పి, మొదటి సాలు మీరు దగ్గరుండి తీయించండి. నూనె ఇచ్చే వేళ్లలో అధిక భాగం ఆ రెండడుగుల లోపే ఉంటాయి, అంతకన్నా లోతుకు పోయిన సన్నని పోగుల కోసం తాపత్రయపడితే డీజిలు ఖర్చే మిగులుతుంది. తవ్విన రోజునే మొదళ్ల నుంచి వేళ్లను కోసి వేరు చేయాలి, మొదళ్లు మళ్లీ ఏడాదికి నాటు పిలకలవుతాయి.

వేళ్లను కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పరిస్తే పరిమళం తగ్గిపోతుంది. నూనె తీయించాలంటే వాటిని అంగుళం రెండంగుళాల ముక్కలుగా కోసి, నీళ్లలో నానబెట్టి, ఆవిరి బట్టీలో పెట్టాలి. నిమ్మగడ్డి అయితే రెండు మూడు గంటల్లో దిగిపోతుంది, వట్టివేరుకు పద్దెనిమిది గంటల నుంచి ఒక రోజంతా మంట ఆగకుండా ఉండాలి. ఈ నూనె చిక్కగా, ఇంచుమించు నీటి బరువుతో ఉంటుంది, అందువల్ల నీటి మీద తేలికగా తేలి విడిపోదు, పట్టుకోవడంలో అనుభవం లేనివారు నీటితో పాటు నూనెను కూడా వదిలేస్తారు. 65 సెంట్ల పంటకు సొంత బట్టీ కట్టించుకోవడం అర్థం లేని ఖర్చు. పది మంది రైతులు కలిసినప్పుడు దాని గురించి ఆలోచించవచ్చు, లేదా నిమ్మగడ్డికి పెట్టిన బట్టీలో అద్దెకు తీయించుకోవచ్చు.

అమ్మకం గురించి నాకు జరిగినది చెప్పాలి. మొదట్లో ఒక సంస్థ నాకు పిలకలు అమ్మి, వేళ్లు కొంటామని కాగితం రాసిచ్చింది. తవ్వే నెల వచ్చేసరికి వాళ్ల ఫోను పలకలేదు. నేను సగం పొలం మాత్రమే తవ్వి, ఆ వేళ్లను పూజా సామాగ్రి, ఆయుర్వేద దుకాణాల వాళ్లకూ, వేసవికి తడికలు అల్లేవాళ్లకూ చిన్న చిన్న మూటలుగా అమ్ముకున్నాను. మిగిలిన సగం నేలలోనే వదిలి, కొనేవాడు దొరికాక నాలుగు నెలలకు తవ్వాను. తొందరపెట్టకుండా కొన్నాళ్లు నేలలో ఎదురుచూడగలగడం ఈ పంటకున్న పెద్ద సుగుణం. కాబట్టి నారుమడి పెరుగుతున్న ఈ ఎనిమిది నెలల్లోనే మీరు కనీసం ఇద్దరు కొనుగోలుదారులను స్వయంగా కలవండి, ఒకరు బట్టీ నడిపేవారైతే మరొకరు వేళ్ల వ్యాపారి అయి ఉండాలి. వాళ్ల దగ్గరికి కిలో వేళ్ల నమూనా తీసుకువెళ్లి, ఏ మందం, ఏ పొడవు, ఎంత తేమ ఉంటే కొంటారో అడిగి రాసుకోండి. నాలుగు ఊళ్లలో ఒకేసారి అందరూ తవ్విన ఏడాది ధర పడిపోతుంది, అందుకే ఇప్పటి ధరను పట్టుకుని వచ్చే ఏడాది లాభం లెక్క వేయవద్దు.

గట్టు సంగతి పూర్తిగా వేరు. 1950లలో ఫిజీ దీవుల వాలు చెరకు తోటల్లో మట్టి నిలపడానికి జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే వ్యవసాయ నిపుణుడు ఈ గడ్డిని వరసలుగా నాటించారు. 1980లలో ఆయన, మరో వ్యవసాయ నిపుణుడు రిచర్డ్ గ్రిమ్‌షా ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశంలో పనిచేసినప్పుడు మైసూరు దగ్గర గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరాలుగా పొలం హద్దులకు ఇదే గడ్డిని వాడుతున్నారని గమనించారు. వేళ్లకు తన్యబలం, అంటే లాగినా తెగకుండా నిలిచే బలం, ఎక్కువ; సగటున మెత్తని ఉక్కులో ఆరో వంతు ఉంటుందని కొలిచారు. పైన ఒత్తుగా ఉన్న ఆకు వరస నీటి వేగాన్ని తగ్గించి ఒండ్రును తన వెనుకే నిలుపుకుంటుంది, ఆ ఒండ్రు పేరుకున్నకొద్దీ గడ్డి దానిలోంచి పైకి లేచి కొత్త వేళ్లు వేసుకుంటుంది.

మీ గట్టుకు పై అంచు నుంచి ఒక అడుగు కిందగా, నీటి మట్టపు గొట్టంతో మట్టం చూసుకుని ఒకే ఎత్తులో 60 మీటర్ల వరస గీయండి. 15 సెంటీమీటర్లకు ఒక గుంట చొప్పున 400 గుంటలు, గుంటకు రెండు పిలకల చొప్పున 800 పిలకలు అవుతాయి. నేను పక్కన పెట్టమన్న వెయ్యిలో మిగిలిన 200 సందులు పూడ్చడానికి ఉంటాయి. ఈ పని జూలైలోనే చేసేయండి. వరసలో ఒక్క మూరెడు ఖాళీ మిగిలినా నీరంతా అక్కడికే చేరి గండి పెడుతుంది, కాబట్టి మొదటి ఏడాది ప్రతి వాన తరువాత నడిచి చూడాలి. మరుసటి ఏడాది నారుమడి పిలకలతో వాలు మధ్యలో రెండో వరస వేయండి. కాలువ గట్టు ప్రభుత్వానిది కావచ్చు, జలవనరుల శాఖ వారికి ముందుగా ఒక అర్జీ ఇచ్చి నాటడం మంచిది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: గట్టు మీది గడ్డిని ఎన్నటికీ వేళ్ల కోసం తవ్వకండి. వట్టివేరు నూనె ఎగుమతిలో ప్రపంచంలో ముందున్న హైతీలో, దక్షిణాన లె కాయె చుట్టుపక్కల, కొండ వాలుల్లో ఈ పంటను వేళ్ల కోసం తవ్వి తవ్వి, మట్టిని కాపాడవలసిన గడ్డితోనే మట్టిని పోగొట్టుకుంటున్నారు. ఆ ఏడాది ధర ఎంత ఊరించినా పొలంలోది తవ్వండి, గట్టును వదిలేయండి.

పాముల భయం ఈ గడ్డికే ప్రత్యేకమైనది కాదు. ఏ దుబ్బునైనా ఎండు ఆకుతో గుబురుగా వదిలేస్తే అందులో ఎలుకలు చేరతాయి, వాటి వెనుక పాములు వస్తాయి. ఏడాదికి రెండు మూడుసార్లు మోకాలి ఎత్తున కోసి, అడుగున ఎండు ఆకు తీసేస్తే మొదళ్ల దగ్గర నేల కనిపిస్తుంటుంది, ఇంట్లో వాళ్లు నిశ్చింతగా గట్టు మీద నడవగలుగుతారు. కోసేటప్పుడు మాత్రం ఆకు అంచు చేతిని కోస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకుని కొడవలి పట్టమనండి.